మా పిచర్ తప్పుల పుస్తకం

నా ఉద్యోగం తప్పులు పట్టడం. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ని జనంలోకి వదిలేముందు దాన్ని నానా రకాలుగా విసిగించి, ఎక్కడ కూలబడుతుందో చూసి, ఆ చోటు రాసిపెట్టడం. కాలిఫోర్నియాలో శాన్ రామన్ చుట్టుపక్కల కంపెనీల్లో ఏళ్ళ తరబడి ఇదే పని చేశాను. ఈ పనిలో బాగున్నదాని గురించి ఎవరూ ఏమీ రాయరు. బాగుంటే నోరు మూసుకుని తరువాతి పరీక్షకు వెళ్ళిపోతాం. ఇంట్లో కూడా నాది ఇదే వరస అని మా ఆవిడ ఫిర్యాదు. కూర బాగుంటే మాట్లాడకుండా తింటాననీ, ఉప్పు తగ్గితే మాత్రం వెంటనే చెబుతాననీ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

అలాంటి నాకు దేవుడు బేస్‌బాల్ ఆడే కొడుకునిచ్చాడు.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఓపెనింగ్ బౌలర్ని. కొత్త బంతి చేతికిస్తే కాలర్ పైకి లేపుకుని నడిచేవాణ్ణి. అమెరికాలో క్రికెట్ లేకపోతేనేం, అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో నేనే నేర్పుకుంటానని ధీమాగా ఉండేవాణ్ణి. మావాడు ఎనిమిదేళ్ళకే బడి స్నేహితులతో కలిసి బేస్‌బాల్‌లో చేరిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఆటలో బంతి నేలను తాకనే తాకదు. అలా వచ్చిన బంతిని మేం ఫుల్‌టాస్ అని నవ్వుకుంటూ బౌండరీ దాటించేవాళ్ళం. పైగా మోచెయ్యి వంచి విసురుతారు. మా దగ్గర అలా విసిరితే అంపైరు నోబాల్ ఇచ్చేవాడు, కెప్టెన్ పక్కకు పిలిచి చీవాట్లు పెట్టేవాడు. ఆ అలవాటు కొద్దీ మావాడి మోచెయ్యి సరిచేయబోయాను. రెండు వారాలు చెయ్యి నిటారుగా తిప్పి వేయించాను. చివరికి పిల్లల కోచ్ ఎవరో ఫోన్ చేసి, దయచేసి వాడి చేతి జోలికి వెళ్ళొద్దని మర్యాదగా చెప్పాడు. మా ఆవిడ వారం రోజులు నవ్వింది.

వాడు హైస్కూల్లో అడుగుపెట్టింది దేశమంతా ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లో. మా ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మిగిలిన పని హైదరాబాద్ టీమ్‌తో కలిసి లాక్కొచ్చేవాళ్ళం. అందుకని పొద్దున్నే ఆరున్నరకు ఇంటినుంచే కాల్, ఆ తరువాత ఆఫీసు. సాయంత్రం నాలుగింటికి ఎలాగో బయటపడి స్కూలు మైదానానికి పరుగు.

ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. పిల్లవాడు టీమ్‌లో ఉంటే తల్లిదండ్రులు ఏదో ఒక పని నెత్తినేసుకోవాలి. హాట్‌డాగ్‌లు అమ్మడమో, మైదానం మట్టి చదును చేయడమో, స్కోరు రాయడమో. కూర్చుని చేసే పని కదా అని నేను స్కోరు పుస్తకం పుచ్చుకున్నాను. మొదటిరోజు ఎవరో తండ్రి బంతి వేగం కొలిచే రేడార్ గన్ పట్టుకుని నిలబడితే, నేనూ అతని భుజం మీదినుంచి తొంగి చూస్తున్నాను. టీమ్ కోచ్ నా పక్కకు వచ్చాడు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, బుగ్గలో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు.

“గన్ చూడకు. క్యాచర్ గ్లవ్ చూడు” అన్నాడు. “బంతి వేయకముందు గ్లవ్ ఎక్కడ పెట్టాడో చూడు. పట్టేటప్పుడు ఎక్కడికి జరిపాడో చూడు. జరగలేదంటే పిచర్ అనుకున్న చోటే వేశాడన్నమాట. పిచర్ గురించి నీకు కావలసిందంతా ఆ గ్లవ్ చెబుతుంది.”

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. మేం కూడా పిచ్ మీద రుమాలు పరిచి, దాని మీదే బంతి పడేలా సాధన చేసినవాళ్ళమే. పిచర్ అంటే బౌలరే, క్యాచర్ అంటే వికెట్‌కీపరే కదా, ఇన్నాళ్ళూ ఎందుకు పంతానికి పోయానా అనిపించింది. ఆ వారమే నీలం అట్ట నోటుబుక్కు ఒకటి తెచ్చాను.

స్కూలు స్కోరు పుస్తకం వేరు, నా నోటుబుక్కు వేరు. ఇది మావాడొక్కడికే. ఆఫీసులో ఎలా రాస్తానో అలాగే రాశాను. ఒక్కో తప్పుకు ఒక నంబరు, తేదీ, తీవ్రత ఎంతో ఒక అంకె, ఎన్నిసార్లు కనబడిందో గీతలు. ఒకటో నంబరు: ముందుకాలు అడ్డంగా పడుతోంది. ఏడో నంబరు: ప్రతి ఇన్నింగ్స్‌లోనూ మొదటి బంతి బయటికే పోతోంది. పన్నెండు: కర్వ్ వేసేముందు ఎడమచేతి గ్లవ్ వెడల్పుగా తెరుచుకుంటోంది. కర్వ్ అంటే చివర్లో కిందికి వంగే బంతి. అది వస్తోందని బ్యాటర్‌కి ముందే తెలిసిపోతే ఇక అందులో ఏముంది? ఈ పన్నెండో నంబరు కోచ్ కూడా పట్టుకోలేదు. బౌలర్ మణికట్టు చూసి బంతి ఏమిటో చెప్పగలిగే కళ్ళు నావి. కోచ్‌కి చూపిస్తే నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ రోజు నా నడకే మారిపోయిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ముప్పై ఒకటో నంబరు మాత్రం చాలా చెడ్డది. తోటివాడెవడైనా బంతి వదిలేస్తే, మావాడికి ముక్కు మీదికి కోపం వచ్చి, తరువాతి బంతి ఊపిరి కూడా తీసుకోకుండా విసిరేసేవాడు. అది నేరుగా బ్యాట్ మధ్యలోకి వెళ్ళేది. తీవ్రత ఒకటి, అంటే అన్నిటికంటే ప్రమాదం, అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఆ కోపం ఎవరి పోలికో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఆట అయ్యాక కార్లో ఇంటికి వస్తూ ఆనాటి తప్పులన్నీ ఏకరువు పెట్టేవాణ్ణి. వాడు కిటికీ అద్దానికి నుదురు ఆనించుకుని వినేవాడు. “ఓకే నాన్నా” అనేవాడు. అంతకుమించి ఏమీ అనేవాడు కాదు. మర్నాడు పొద్దున్న నేను హైదరాబాద్ కాల్‌లో ఉండగా గరాజ్‌లోంచి ధబ్, ధబ్ అని చప్పుడు మొదలయ్యేది. రెండు కర్రల మధ్య మోకాలి ఎత్తున ఒక తాడు, నడుము ఎత్తున ఇంకొకటి కట్టుకుని, వెనకాల వల వేలాడదీసి, ఆ తాళ్ళ మధ్యలోంచి బంతులు వేసేవాడు. వల వెనక గోడ ఉండడంతో ఇల్లంతా అదిరేది. “సర్, అక్కడేమైనా కన్‌స్ట్రక్షన్ జరుగుతోందా?” అని హైదరాబాద్‌లో కుర్రవాడు అడిగితే, “ఆఁ, అలాంటిదే” అని మ్యూట్ నొక్కేవాణ్ణి. చేతికి విశ్రాంతి ఇవ్వమని కోచ్ చెప్పిన రోజుల్లో బంతి వదలకుండా, తువాలు చేతిలో పట్టుకుని ఊరికే విసిరే అభ్యాసం చేసేవాడు. ఆ రోజుల్లో చప్పుడు ఉండేది కాదు కానీ గరాజ్ దీపం వెలిగే ఉండేది. వానైనా, జ్వరం వచ్చి తగ్గిన మర్నాడైనా అంతే.

అలా పెరిగాడు. తొమ్మిదో తరగతిలో గంటకు అరవై ఆరు మైళ్ళ వేగం, పదకొండో తరగతి చివరికి ఎనభై దాటింది. అది గొప్ప వేగమేమీ కాదు. మావాడి కంటే గట్టిగా విసిరే పిల్లలు ఆ చుట్టుపక్కలే చాలామంది ఉండేవారు. కానీ వాళ్ళు విసిరితే క్యాచర్ నలుదిక్కులా దూకాల్సి వచ్చేది. మావాడు వేస్తుంటే గ్లవ్ పెట్టినచోటే ఉండేది. ఈ ముక్క నేను మనసులో అనుకున్నాను. నోటుబుక్కులో రాయలేదు, వాడికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి నా ఉద్యోగం ఒక్కటే కారణం కాదు. మా ఆవిడకి దిష్టి నమ్మకం. వాడు గెలిచి వచ్చిన ప్రతిసారీ గుప్పెడు ఉప్పుతో దిష్టి తీసేది. మొదట్లో ఒకసారి ఎండుమిరపకాయలు కాలిస్తే స్మోక్ అలారం మోగి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు, అప్పట్నుంచి ఉప్పే. వాడు తప్పించుకుని మేడ మీదికి పారిపోయేవాడు. ఇంజనీరు ఇంట్లో ఈ చాదస్తమేమిటని నేను వెక్కిరించేవాణ్ణి. అయితే నా చాదస్తం నాకుంది. ఎవరైనా మావాణ్ణి మెచ్చుకుంటే వెంటనే ఆ మాట మీద నీళ్ళు చల్లకపోతే నాకు తోచదు. ఇక్కడి మా తెలుగువాళ్ళందరిదీ ఇదే తంతు. తలా ఒక వంటకం తెచ్చుకునే శనివారం పాట్‌లక్‌కి వెళ్తే, “మావాడు అసలు పుస్తకం ముట్టడండీ” అన్నాయన కొడుక్కి ఏదో పెద్ద యూనివర్సిటీలో సీటు వచ్చి ఉంటుంది. “మా పాప పాడితే కాకులు లేచిపోతాయి” అన్నావిడ కూతురు నెలరోజుల్లో కచేరీ చేస్తుంది. ఎంత తిడితే అంత గొప్ప అని అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. నేను ఎప్పుడూ అనే మాట ఒకటుంది. “మావాడా? ఒట్టి బద్ధకస్తుడండీ.” అంటే మావాడు బ్రహ్మాండంగా ఆడుతున్నాడని అర్థం.

పదకొండో తరగతి అయిన వేసవిలో ఒక టోర్నమెంటుకి వెళ్ళాం. పక్క రాష్ట్రం ఆరిగన్‌లో ఒక చిన్న కాలేజీ ఉంది. అందులో చదవాలనీ, ఆ కాలేజీ టీమ్‌లో బంతి వేయాలనీ మావాడి కోరిక. వేరే కోరికలేవీ వాడు మాతో చెప్పలేదు, ఇదొక్కటే ఏడాదిగా పట్టుకుని ఉన్నాడు. ఆ కాలేజీ కోచ్ పిల్లల్ని చూసుకోవడానికి అక్కడికి వచ్చాడు. మావాడు ఆ రోజు అయిదు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు. ఆ కాలేజీ కోచ్ వచ్చి, స్కోరు రాసుకుంటున్న నా పక్కన కూర్చున్నాడు.

“మీవాడేనా? చెయ్యి చక్కగా ఉంది. బంతి మీద మంచి అదుపు ఉంది” అన్నాడు ఇంగ్లీషులో.

నా గుండె ఎగిరింది. నోరు మాత్రం పాట్‌లక్‌లోనే ఉండిపోయింది.

“అబ్బే, అదృష్టం కలిసొచ్చిందంతే. వాడు ఒట్టి బద్ధకస్తుడు. కష్టపడడు” అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నానో ఆయనకు తెలియాలని నోటుబుక్కు తీసి చూపించాను. “చూడండి, ఎన్ని తప్పులో.” ఆయన నాలుగు పేజీలు తిప్పాడు. ముప్పై ఒకటో నంబరు కింద గీసిన రెండు గీతలు కూడా చూసి ఉంటాడు. థాంక్స్ చెప్పి లేచి వెళ్ళిపోయాడు. బాగా మాట్లాడాననుకుని, తిరిగి వస్తూ దారిలో అందరికీ ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను.

ఆగస్టు అయిపోయింది, సెప్టెంబరు అయిపోయింది. కాలేజీ నుంచి కబురు లేదు. మావాడు స్కూలు నుంచి రాగానే కంప్యూటర్ తెరిచి మెయిల్ చూసుకుని మూసేసేవాడు. అన్నం దగ్గర మేం అడక్కముందే, “నథింగ్ అమ్మా” అనేవాడు. వాడితో ఆడినవాళ్ళలో ఇద్దరికి ఎక్కడెక్కడినుంచో పిలుపులు వచ్చాయి. నాకు ఆ కాలేజీ మీద కోపం వచ్చింది. కళ్ళు లేనివాడు కోచ్ ఎలా అయ్యాడని ఇంట్లో కేకలు కూడా వేశాను.

అక్టోబరులో ఒక సాయంత్రం వాణ్ణి ప్రాక్టీసు నుంచి తీసుకురావడానికి వెళ్తే, గింజలు నమిలే ముసలి కోచ్ నన్ను పక్కకు పిలిచాడు. వాడు అప్పటికే కార్లో కూర్చున్నాడు.

“నేను ఆరిగన్ వాళ్ళకు ఫోన్ చేశాను” అన్నాడు. “మీవాడి చెయ్యి నచ్చిందట. కానీ వాడు కష్టపడే రకం కాదని కన్నతండ్రే చెప్పాడట. ‘నా ఉద్యోగంలో తండ్రులు పొగడడానికే అబద్ధమాడతారు. తక్కువ చేసి మాట్లాడితే అది నిజమే అయ్యుంటుంది’ అన్నాడా కోచ్.” ఆయన గింజలు నమలడం ఆపాడు. “నువ్వు నిజంగా అలా అన్నావా?”

తల కొట్టేసినట్టయింది. మావాళ్ళు అలాగే మాట్లాడుకుంటారని ఆయనకు చెప్పబోయాను. సగంలోనే ఆ సంజాయిషీ నాకే అసహ్యంగా వినబడింది. ఆయనకు కోపం కూడా రాలేదు. గింజల పొట్టు ఉమ్మేసి, “ఈ స్కూల్లో అందరికంటే ముందొచ్చి అందరికంటే చివర వెళ్ళేది మీవాడే. నీకు తెలుసనుకున్నాను” అన్నాడు.

తెలియకేం? మూడేళ్ళు రోజూ పొద్దున్నే ఆ చప్పుడు విన్నది నేనేగా.

దాచేద్దామనుకున్నాను. దాచగలిగేవాణ్ణే, వాడికి తెలిసే దారి లేదు. కార్లో రెండు సిగ్నళ్ళు దాటాక నావల్ల కాలేదు. ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లోకి తిప్పి, ఆపి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. నీ చాన్స్ పాడుచేసింది నేనేరా అన్నాను. వాడు అరుస్తాడనుకున్నాను. అరిచినా నేను పడేవాణ్ణి. వాడు గ్లవ్ ఒళ్ళో పెట్టుకుని దాని తోలుపట్టీ లాగుతూ కూర్చున్నాడు.

“బట్ నాన్నా, నువ్వు ఎవ్రీబడీకి అదే చెప్తావ్ కదా” అన్నాడు. “అంకుల్స్‌కి, ఆంటీస్‌కి, అందరికీ. ఐ థాట్ ఇట్ వాజ్ ట్రూ. ఇంకా హార్డ్‌గా చేయాలేమో అనుకున్నా.”

పాట్‌లక్‌లో ఆ మాటకు అసలు అర్థం అందరికీ తెలుసనుకున్నాను. అక్కడే పక్క గదిలో పిజ్జా తింటున్న మా పిల్లలకు మాత్రం మేం ఎవరమూ చెప్పలేదు. వాడు దాన్ని ఉన్నదున్నట్టే నమ్మి, రోజూ పొద్దున్నే లేచి గరాజ్‌లోకి వెళ్ళాడు. ఇంటికి వచ్చాక బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అంతకుముందు ఎప్పుడు ఏడ్చానో నాకు గుర్తు లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద నోటుబుక్కు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివాను. మా ఆవిడ ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

“అందులో మంచి ఒక్కటైనా రాశారా?” అంది.

“లేదు.”

“మూడేళ్ళలో ఒక్కటి కూడానా?”

“రాయలేదన్నానుగా!” అని కసిరాను. ఆమె కాయల్లోకి తల వంచుకుంది.

నిజానికి మంచి ఒక్కటీ లేదు. కానీ చదువుతుంటే నాకు వేరే సంగతి కనబడసాగింది. ఒకటో నంబరు, ముందుకాలు అడ్డంగా పడడం. మొదటి నెలలో పదకొండు గీతలు, రెండో నెలలో మూడు, ఆ తరువాత ఒక్కటి కూడా లేదు. ఏడో నంబరు వేసవిదాకా ఉంది, ఆ తరువాత లేదు. పన్నెండో నంబరు, గ్లవ్ తెరుచుకోవడం. నేను కార్లో చెప్పిన తరువాత సరిగ్గా రెండు ఆటల్లో కనబడింది. ఆపైన మాయమైపోయింది. ఆఫీసులో అయితే సరిచేసిన తప్పు ఎదురుగా ‘క్లోజ్డ్’ అని రాస్తాం. ఎవరు సరిచేశారో వాళ్ళ పేరు కూడా రాస్తాం. నేను మావాడి తప్పుల్లో ఒక్కటి కూడా మూసిన పాపాన పోలేదు. తెరిచిపెట్టిన తప్పులన్నీ అలాగే వదిలేసి కొత్తవి చేర్చుకుంటూ పోయాను. వాడేమో ఒక్కొక్కటీ చడీచప్పుడు లేకుండా సరిచేసుకుంటూ నా వెనకే వచ్చాడు. పెన్ను తీసుకుని ఒకటో నంబరు పక్కన ‘క్లోజ్డ్’ అని రాశాను. ఏడు పక్కన రాశాను. పన్నెండు పక్కన రాశాను. సాయంత్రానికి పుస్తకంలో తెరిచి ఉన్నవి నాలుగు మిగిలాయి, ముప్పై ఒకటోది వాటిలో ఒకటి. మా ఆవిణ్ణి పిలిచి ఒక్కో పేజీ చూపించాను. ఆమె తడిచేతులతోనే పేజీలు తిప్పింది.

“వాడికి చూపించండి” అంది.

“ముందు ఆ ఆరిగన్ కోచ్‌కి చూపించాలి” అన్నాను.

రెండు పేజీల ఉత్తరం రాశాను. మేం సాఫ్ట్‌వేర్ బయటికి వదిలేముందు రాసే నివేదిక లాంటిదే. ఏ తప్పు ఎప్పుడు కనబడింది, ఎన్నాళ్ళకు పోయింది, ఏవి ఇంకా ఉన్నాయి. మా ఆవిడ చదివి పెన్ను అడిగింది. ప్రతి మంచి మాట వెనకా నేను ‘కానీ’ అంటూ ఇంకోటి తగిలించానట. అవన్నీ కొట్టేసింది. వేగం గురించి రాసింది మాత్రం ఉంచమన్నాను. వాడి ఎత్తు నా ఎత్తు, వాడి భుజాలు వాళ్ళ మేనమామవి. ఇంకో మూడు నాలుగు మైళ్ళు పెరగొచ్చు, అంతకంటే పెరగదు. అది దాచి ఉత్తరం రాస్తే నేను కూడా అందరు తండ్రుల్లో ఒకణ్ణి అయిపోతాను. చివర్లో, బద్ధకస్తుడు అన్న మాట అబద్ధమనీ, ఎందుకన్నానో కూడా రాశాను. నోటుబుక్కు మొత్తం స్కాన్ చేసి జతపరిచాను.

పది రోజులకు జవాబు వచ్చింది. తండ్రి దగ్గర్నుంచి ఇలాంటి ఉత్తరం తనకు ఎప్పుడూ రాలేదనీ, పిచర్ల జాబితా దాదాపు నిండిపోయిందనీ, ఒక్క చోటు ఉండొచ్చనీ, వసంతంలో వీలు చూసుకుని ఒక ఆటకు వస్తాననీ. మార్చిలో కాలేజీలో సీటు వచ్చింది. టీమ్ సంగతి మాత్రం ఆ ఒక్క ఆట మీదే ఆగి ఉంది.

ఏప్రిల్‌లో ఆ కోచ్ వచ్చాడు. ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం. నేరుగా వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. నేను స్కోరు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. మావాడు నాలుగు ఇన్నింగ్స్ నున్నగా వేశాడు. అయిదో ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టువాళ్ళు ఇద్దరు పరుగు కోసం బేస్‌ల మీద కాచుకుని ఉండగా, ఒకడు ఔటై ఉండగా, షార్ట్‌స్టాప్ దగ్గరికి తేలికైన బంతి వెళ్ళింది. షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే కుర్రవాడు. వాడు దాన్ని కాళ్ళ మధ్యలోంచి వదిలేశాడు. అది దూరం పోలేదు కాబట్టి పరుగు రాలేదు, కానీ మూడు బేస్‌లూ నిండిపోయాయి.

ముప్పై ఒకటో నంబరు. నేను పెన్ను గట్టిగా పట్టుకున్నాను. మావాడు పిచర్ బంతి వేసే మట్టిదిబ్బ మీద నిలబడి నేలవైపు చూస్తున్నాడు. వాడి మెడ ఎర్రబడడం నాకు అక్కడిదాకా కనబడింది. మరుక్షణం విసిరేస్తాడు, పోయింది అంతా అనుకున్నాను. వాడు దిబ్బ దిగాడు. షార్ట్‌స్టాప్ దగ్గరికి నడిచి వెళ్ళి, వాడి టోపీ మీద గ్లవ్‌తో మెల్లగా తట్టి, ఏదో అన్నాడు. ఆ కుర్రవాడు నవ్వాడు. మావాడు తిరిగి వచ్చి, ఊపిరి తీసుకుని, క్యాచర్ వైపు చూశాడు. గ్లవ్ కింద, బయటి మూలకు వెళ్ళింది. బంతి నిదానంగా వచ్చింది. వేగంగా వస్తుందనుకున్న బ్యాటర్ తొందరపడి ఊపాడు. బంతి దొర్లుకుంటూ అదే షార్ట్‌స్టాప్ దగ్గరికే వెళ్ళింది. వాడు ఈసారి పట్టి రెండో బేస్‌కి, అక్కడినుంచి మొదటి బేస్‌కి. ఒకే బంతికి ఇద్దరు ఔట్, మొత్తం ముగ్గురు. ఈ ఆటలో ముగ్గురు ఔటైతే చాలు, ఇన్నింగ్స్ అయిపోయింది.

పక్కనున్న కోచ్ ఏదో రాసుకున్నాడు. తరువాత నావైపు తిరిగి, “సరే, ఇప్పుడు చెప్పండి. మీవాడి గురించి ఏమంటారు?” అన్నాడు.

అలవాటైన మాట నాలుక చివరికి వచ్చేసింది. నిజం చెబుతున్నాను, అంత జరిగాక కూడా వచ్చింది. దాన్ని మింగడానికి నీళ్ళ సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాల్సి వచ్చింది.

“నాకంటే ఎక్కువ కష్టపడతాడు. చాలా మంచి పిచర్” అన్నాను. ఇంగ్లీషులో కాబట్టి అనగలిగానేమో, తెలుగులో అయితే నోరు పెగిలేది కాదు.

ఆట అయ్యాక ఆయన కంచె దగ్గర మావాడికి చెయ్యి అందించి, “ఆగస్టులో కలుద్దాం” అన్నాడు. “తనకంటే ఎక్కువ కష్టపడతావని మీ నాన్న అన్నాడు” అని కూడా అన్నాడు. మావాడు నావైపు చూశాడు. నేను కుర్చీ మడతపెట్టడంలో చాలా బిజీ అయిపోయాను.

ఇంటికి వస్తుంటే ఈసారి నేను ఏకరువు పెట్టలేదు. చాలాదూరం వచ్చాక వాడే అడిగాడు.

“నాన్నా, యు సెడ్ దట్?”

“ఆఁ.”

“నాకు చెప్పవా? తెలుగులో.”

కార్ నడుపుతూ రోడ్డు మీదే చూపు పెట్టి చెప్పాను. బాగా వేశావురా నాన్నా అన్నాను. నువ్వు బద్ధకస్తుడివి కాదు, ఏ రోజూ కాదు, నాకు ముందునుంచీ తెలుసు అన్నాను. వాడు “ఓకే నాన్నా” అని కిటికీ వైపు తిరిగాడు. అద్దంలో వాడి నవ్వు కనబడుతూనే ఉంది.

ఇంట్లో అడుగుపెడుతూనే, “ఏమే, ఉప్పు తీసుకురా. వీడికి దిష్టి తియ్యి” అన్నాను. మావాడు ఈసారి పారిపోలేదు. మట్టి బట్టలతో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. “మీరు ఇవన్నీ నమ్మరుగా. అయినా ఎవరి దిష్టి తగిలిందనీ?”

“నాదే” అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి ఉప్పు తెచ్చింది.